రెండో తీగ

నారిన్ కొండల మీద మూడు రోజులు ఆగకుండా కురిసి
నాలుగో సాయంత్రం మంచు కాస్త ఊపిరి పీల్చుకుంది.
అప్పటికి ఆ పల్లెలో కరెంటు పోయి ముప్పై గంటలు.
జీపు ఎక్కగలిగినంత ఎక్కింది, ఆపైన నడక.
ముందు బార్పీ,
ఆయన అడుగుల గుంతల్లో నా అడుగులు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ నాకంటే ఇరవై రెండేళ్ళు పెద్దది.
దాన్ని చేసిన దేశం ఇప్పుడు పటంలో లేదు.
రేకు మీది అక్షరాల్ని తుప్పు చదివేసింది.
రెక్కల సందుల్లోంచి చెమటలా కారిన నూనె
కింద మంచులో నల్లటి మడుగు కట్టింది.
గాజు గొట్టంలో నీలంగా ఉండాల్సిన గుళికలు
ఎప్పుడో గులాబి రంగుకు తిరిగాయి,
తేమ లోపలికి నడిచి వెళ్ళిందని చెబుతూ.
పింగాణీ మీద వెంట్రుకవాసి బీట.

"ముసలిది. మాట వినదు" అన్నాను.
"మాట్లాడుతూనే ఉంది. మనమే వినం" అన్నాడు బార్పీ.

ఆయన కుడిచేతికి మూడే వేళ్ళు.
మిగతా రెండూ ఎక్కడ పోయాయని ఎవరూ అడగరు.
కొత్తగా చేరినవాళ్ళకు ఆ చేత్తోనే టీ పోసి ఇస్తాడు.

పై లైను స్విచ్చి తెరిచాం, తాళం వేశాం.
తాళంచెవి నా మెడలో వేశాడు.
కింద పెట్టెలో పిడి దించాం,
ఆగింది అని రాసున్న గీత దాకా దిగింది.
వోల్టేజి చూసే కర్ర మీట నొక్కితే
కుయ్యిమనలేదు, చలికి దాని బ్యాటరీ చచ్చింది.
"ఊరంతా చీకటేగా, ఇంకేం చూడాలి?" అన్నాను.
నిజానికి ఊరంతా కాదు.
లోయ అంచున ఒకే ఒక్క దీపం మినుకుమంటోంది.
అందంగా ఉందనుకున్నాను, అంతే.

"చచ్చిన పామునైనా కర్రతోనే కదిలించాలి"
అంటూ ఆయన ఎర్తు తీగ చుట్ట విప్పాడు.
ముందు నేలకు, తర్వాతే తీగకు.
గడ్డకట్టిన మట్టిలోకి కడ్డీ దిగడానికి పావుగంట,
వేళ్ళు మొద్దుబారి నేను లోలోపల తిట్టుకుంటున్నాను.

పొడవాటి కర్ర చివర కొక్కెం
మొదటి తీగను పట్టుకుంది. ఏమీ లేదు.
రెండో తీగను తాకింది.

ఫట్ మని నీలంగా చీలింది చీకటి.

చెవుల్లో ఆ చప్పుడు ఇంకా ఉండగానే
లోయ అంచున దీపం ఆరిపోయింది.

పిడి కిందికి దిగింది గానీ
పెట్టెలో ఒక కత్తి దిగలేదు.
ఏళ్ళ తరబడి కాలి, కరిగి, తన గాడికే అతుక్కుపోయింది.
ఆ సందులోంచి, ఎవరి ఇంటి నుంచో,
చిన్న జనరేటరు పంపిన రెండొందల ఇరవై
ఈ ముసలిదాని కడుపులో పెరిగి
వేలై పైకెక్కి కూర్చుంది, నా చేతుల కోసం.

దిగి వెళ్ళాం.
సోనున్‌బూ తలుపు తీసింది, ఒళ్ళో తడి గొర్రెపిల్ల.
రెండు వైపులా ప్లగ్గులున్న తీగ ఒకటి
గోడ సాకెట్టులో, దీపం కింద పదకొండు పిల్లలు.
పన్నెండోది రాత్రే చచ్చిపోయిందట.
"మీకేమైనా అయిందా?" అని ఆవిడే అడిగింది.
బార్పీ కేకలేస్తాడనుకున్నాను.
ఆయన ఆ తీగ పీకి, చుట్ట చుట్టి, జేబులో పెట్టుకుని,
దీపాన్ని తిన్నగా జనరేటరుకే తగిలించి ఇచ్చాడు.
తర్వాత మూడు వేళ్ళతో
గొర్రెపిల్ల చెవి వెనక గోకాడు చాలాసేపు.

తెల్లారే లోపు కత్తి మార్చాం, గుళికలు మార్చాం.
బీటవారిన పింగాణీ మాత్రం మార్చలేదు, మా దగ్గర లేదు.
వసంతంలో వస్తుందన్నారు. ఇంకా రాలేదు.
రోజూ ఆ బీట ఒకసారి గుర్తొస్తుంది.

ఇప్పుడు కొత్తవాళ్ళతో స్తంభం దగ్గరికి వెళితే
పెట్టె తెరవక ముందే లోయ వైపు తిప్పి నిలబెడతాను.
చీకట్లో ఎక్కడైనా దీపం కనిపిస్తే
అందంగా ఉందనుకోవద్దని చెబుతాను.